లేడీ మాక్‌బెత్‌కు అరుపులెందుకు?

మొన్న సంక్రాంతికి అనంతపురం వెళ్ళినప్పుడు, కాలేజీ వార్షికోత్సవం కోసం మా అక్క కూతురు మిద్దెపైన షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’లోని రెండు ఘట్టాలను తెలుగులో సాధన చేస్తూ కనిపించింది. కళ్ళెర్రజేసి, పళ్ళు కొరికి, పక్కింటివాళ్ళు తొంగిచూసేలా అరుస్తోంది. అంత అరుపెందుకని అడిగితే, “ఆయమ్మ రాక్షసి కదా మామా, మెల్లగ మాట్లాడ్తే ఎవురు నమ్ముతారు?” అంది. తప్పు ఆ పిల్లది కాదు. రాజును చంపి సింహాసనమెక్కమని మొగుడు మాక్‌బెత్‌ను ఎగదోసే లేడీ మాక్‌బెత్ అనగానే మనకు కైకేయి గుర్తుకొస్తుంది, కాకుంటే తోలుబొమ్మలాటలో తెర చించుకొని వచ్చే శూర్పణఖ గుర్తుకొస్తుంది.

కైకేయితో పోలిక కొంతదూరమే నడుస్తుంది. కైకేయి మనసు విరవడానికి మంథర కావలసి వచ్చింది, ఈమెకు మొగుడు రాసిన ఉత్తరమే చాలింది. అదీగాక హత్య ఆలోచన మొదట పుట్టింది ఈమెలో కాదు. రాజువవుతావన్న మంత్రగత్తెల జోస్యం విన్న కాసేపటికే, తన మనసులో మెదిలిన దృశ్యానికి మాక్‌బెత్ వెంట్రుకలే నిక్కబొడుచుకుంటాయి. భర్తకు కోరిక ఉన్నా తెగువ లేదని కనిపెట్టడమే ఆమె తెలివి.

ఆ తెలివి పూర్తిగా బయటపడేది మొదటి అంకం ఏడో రంగంలో. డంకన్ రాజు పక్క గదిలో భోంచేస్తున్నాడు, సేవకులు వంటకాలు మోసుకొని అటు వెళ్తున్నారు, ఈ పని ఇక వద్దనుకున్న మాక్‌బెత్ పంక్తిలోంచి లేచి ఇవతలికి వచ్చాడు. వెతుక్కుంటూ వచ్చిన భార్య రాజ్యం సంగతి ఎత్తదు. నీ ప్రేమ కూడా ఇంతేనా అంటుంది, భయమా అంటుంది, చేస్తానన్నప్పుడే నువ్వు మగవాడివంటుంది, చివరికి కావలివాళ్ళకు మద్యం పట్టించే ఉపాయం చెబుతుంది. గోడకవతల అతిథి ఉండగా ఈ మాటలన్నీ అరుపులతో చెప్పగలిగే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? ఇదే మాట చెప్పి, కింద చుట్టాలకు ఓళిగలు వడ్డిస్తున్న సమయంలో మెట్లమీద నిలబడి ఆ ఘట్టం చెప్పమన్నాను. గొంతు దానంతటదే దిగింది, విన్న నాకే ఒళ్ళు జలదరించింది.

మన సీమకు ఇటువంటి పాత్ర కొత్తదేమీ కాదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన ‘విషాద సారంగధర’ను రాసింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. అందులోని చిత్రాంగి రాజుకు అబద్ధం చెప్పి సవతి కొడుకును శిక్ష పాలు చేస్తుంది. లేడీ మాక్‌బెత్ లోకానికి ఎన్ని అబద్ధాలు చెప్పినా మొగుడికి మాత్రం చెప్పదు, అతనికి ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడే వేలు పెడుతుంది. నా లెక్కలో ఇదే ఎక్కువ భయంకరం. ధర్మవరంవారి మేనల్లుడు, మన తాడిపత్రిలో 1880లో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ, స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టింది ఇటువంటి సూక్ష్మం కోసం కూడా అయ్యుంటుందని నా ఊహ.

రాక్షసి అనేవాళ్ళు హత్య జరిగిన రాత్రి ఆమె అన్న ఒక మాటను మరచిపోతారు. నిద్రలో ఉన్న ముసలిరాజు తన తండ్రిలా కనిపించకపోయి ఉంటే తానే పొడిచేదాన్నంటుంది. ఆ తర్వాత కథ ఆమె చేయి దాటిపోతుంది. తన తోటి సేనాని బాంకోను చంపించే ముందు, ఆ సంగతి నీకు తెలియకపోవడమే మేలని భర్త ముద్దుగా చెప్పి పక్కన పెడతాడు. ఫైఫ్ ప్రభువు మాక్‌డఫ్ భార్యాపిల్లల హత్యలోనూ ఆమె ప్రమేయం లేదు. అయినా అయిదో అంకంలో, నిద్రలో నడుస్తూ, లేని నెత్తురును కడుక్కుంటూ, ఫైఫ్ ప్రభువుకు ఒక భార్య ఉండేది, ఇప్పుడెక్కడుంది అని అడిగేది ఆమే.

మా పిల్ల చేతిలోని ప్రతిలో ఆ ఒక్క మాటనూ సమయం చాలదని కొట్టేశారట. పెన్సిలు తీసుకొని మళ్ళీ రాయించాను.