పూల మీద గమ్ పోసేదే కదా అంట!

పెళ్లి దండల పూలు ఆరబెట్టి, రెజిన్ (అద్దం మాదిరి గట్టిపడే ద్రవం) పోసి ఫ్రేమ్ చేసిచ్చే పని నాది. ఇప్పుడే మా వదిన వచ్చి పోయింది. మా పెద్దనాయన కోడలు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో కూతురి పెళ్లి దండ. పెళ్లై ఎన్నాళ్లాయె, ఇన్నాళ్లూ ఆ కవరు ముడేసి బీరువాలో పెట్టిందంట, భద్రంగా! ముడి విప్పితే వాసనకి కడుపులో తిప్పింది, మల్లెలన్నీ నల్లగా ముద్దయి బూజు పట్టినాయి. "దీన్ని రెజిన్‌లో పెట్టి ఫ్రేమ్ చేసియ్ అమ్మీ, అచ్చం పెళ్లినాడు ఉన్నట్టే రావాల" అంటాది. పెళ్లికొడుకే అట్ల లేడు ఇప్పుడు, పూలుంటాయా?

రేటు చెప్తే మూతి తిప్పి, "పూల మీద గమ్ పోసేదే కదా, దానికింతనా" అనె.

గమ్ము! ఒక్కో పువ్వు దండలోంచి విప్పి, తేమ పీల్చే సిలికా జెల్ గుళికల్లో పూడ్చిపెట్టి వారం పైన ఆరబెట్టాల. లోపల కొంచెం తడున్నా చాలు, రెజిన్ పోసినాక పువ్వు రంగు చెడి బుడగలు లేస్తాయి. ఎంత బాగా ఆరబెట్టినా మల్లె తెల్లగా ఉండదు, ఎర్ర గులాబీ నల్లెరుపైతాది, అది నా తప్పా దేవుని తప్పా? రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కొలత తప్పితే జిడ్డుజిడ్డుగా ఉండిపోయి ఎప్పటికీ గట్టిపడదు, ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతాది, అందుకే పొర మీద పొర, ఒక పొర సెట్ అయ్యేదాకా ఇంకోటి పోయకూడదు, మధ్యలో హీట్ గన్ పెట్టి బుడగలు తీయాల. మన అనంతపురం ఎండల్లో అయితే కలిపిన కప్పులోనే గట్టిపడి కూచుంటాది. ఫ్యాన్ వేస్తే దుమ్ము పడతాది, ఆపితే మాస్కు లోపల చెమటలు. రీల్‌లో ముప్పై సెకన్లలో అయిపోతాది కదా, అందరూ ఎక్స్‌పర్టులే.

అదే పెళ్లిలో డ్రోన్‌తో వీడియో తీసినవానికి మాత్రం అడిగినంత లెక్క ఇచ్చినారు. మండపం మీద ఈగ మాదిరి తిప్పినందుకు! ఆయప్ప దగ్గర "మనోడివే కదా" అనే మాట నోట్లోంచి రాలే.

ఈ "మన పిల్లే కదా" నాకు కొత్త కాదులే. వాళ్ల పెద్దోని పెళ్లికి రాత్రంతా కూర్చోబెట్టి ఊరందరికీ మెహందీ పెట్టించుకున్నారు, నడుము పట్టేసింది, తెల్లారి అన్నానికి పోతే ఓళిగలు అయిపోయినాయి అన్నారు. పోనీ అనుకుంటే చేతిలో ఒక జాకెట్ ముక్క పెట్టినారు. అది వాళ్ల గృహప్రవేశానికి మా అమ్మ పెట్టిన ముక్కే! అంచు చూసి అమ్మే గుర్తుపట్టింది. గమ్మున ఉండమంది, ఉన్నా. ఇంక ఉండను.

కాబట్టి వినండి. దండ మీద నీళ్లు చల్లకుండా, పేపర్లో చుట్టి, పెళ్లైన మరుసటి రోజే తెచ్చేవాళ్లు తెండి. సగం డబ్బులు ముందు. చుట్టాలైతే మొత్తం ముందే.