టీషర్టు మీద పేరు కొట్టిస్తే బ్రాండ్ అయిపోదు సామీ

మొన్న సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే మా పిన్ని కొడుకు ఫోన్ తీసి, "అన్నా, లోగో ఎట్లుంది?" అని చూపించినాడు. సింహం తల, కింద ఒక ఇంగ్లీషు పేరు. పేజీ తెరిచేసినాడు, అందులో 'ఫౌండర్' అని రాసుకున్నాడు కూడా. "గుడ్డ ఏది రా?" అన్నా. "అది తిరుపూరు నుంచి వచ్చేస్తాదిలే అన్నా" అన్నాడు. తమిళనాడులో టీషర్టులు కుట్టే ఊరది.

వాణ్ని తిట్టే ముఖం నాకు లేదు. మూడేళ్ల కింద నేను చేసింది కూడా అచ్చం ఇదే. కానీ ఈమధ్య మా అనంతపురంలో ఎవర్ని కదిపినా బట్టల బ్రాండ్ పెడతాననే అంటున్నారు. అందుకే నా కథ కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఓపిక ఉన్నోళ్లు చదవండి.

నాది సీమ మాటల టీషర్టు. 'ఏమప్పా' ఒకటి, 'యాడికి పోతాండావ్' ఇంకొకటి. నలుపు రంగు, 240 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఇన్ని గ్రాములు తూగుతాదని లెక్క), వదులు మోడల్. 300 పీసులు తెప్పిస్తే ప్రింటు, లేబులు, కవరు అన్నీ కలిపి ఒక్కోటి 285 పడింది. గుడ్డ కంటే ముందు నేను చేసిన పనేందో తెలుసా? ట్రేడ్‌మార్క్. బట్టలకి 25వ క్లాసు, ఒక్క మనిషి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే 4,500 ఫీజు. నెలలు నెలలు ఎదురుచూసినా. రిజిస్ట్రేషన్ వచ్చిన రోజు మా అమ్మ పాయసం చేసింది. పదేళ్లు ఆ పేరు నాది. చొక్కానే లేదు ఇప్పుడు. ఐదేళ్లు వాడకుండా ఊరికే పెట్టుకుంటే, దాన్ని తీసేయమని ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చంట, అది వేరే కథ.

రీల్స్‌లో 'ముప్పై రోజుల్లో బ్రాండ్' అని క్లాసు పీకేవాళ్లు చెప్పని లెక్క ఒకటుంది. టీషర్టు 699కి అమ్మినా. అందులో జీఎస్టీ 5 శాతం, అంటే 33 పోయింది. (2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా బట్టలకి 5 శాతమే, దాటితే 18. ముందు ఈ గీత వెయ్యి దగ్గరే ఉండేది.) పీసు ఖర్చు 285, కొరియర్ 80. డబ్బు చేతికొచ్చిన ఒక్కో ఆర్డరుకి యాడ్ల ఖర్చు 200. మిగిలింది సుమారు వంద. ఇక క్యాష్ ఆన్ డెలివరీ సంగతి. నాలుగు పంపితే ఒకటి తిరిగొచ్చేది. ఫోన్ ఎత్తరు, ఎత్తితే "నేను బుక్ చేయలేదే" అంటారు. పోనూ రానూ 150 మన నెత్తినే. అది మిగతా మూడింటి మీద పంచితే ఆ వంద కాస్తా యాభై అయింది. వెబ్‌సైటు, ఫోటోలు, గండికోటకి పోయి తీసిన వీడియో, ఇవన్నీ ఆ యాభైలోంచే రావాల మళ్లా.

సరే, ఇవన్నీ తట్టుకోవచ్చు. నన్ను పడగొట్టింది రెండో లాటు.

మొదటి లాటు బాగానే పోయింది. తీసుకున్నోళ్లే మళ్లా అడిగినారు. రెండో లాటు కూడా తిరుపూరులో మొదటిది కుట్టిచ్చిన ఆయన దగ్గరే, అదే రేటుకి చెప్పినా. వచ్చిన సరుకు మడత కూడా విప్పకుండా పంపేసినా. పదిహేను రోజులకి మెసేజులు మొదలు. "అన్నా, పోయినసారి ఎల్ సరిపోయింది, ఇప్పుడు ఎల్ పట్టేస్తాంది." టేపు పెట్టి చూస్తే ఛాతీ దగ్గర రెండంగుళాలు తక్కువ. ఉతికితే పక్క కుట్టు తిరిగి బొడ్డు దగ్గరికొస్తాంది. ఆయనకి ఫోన్ చేస్తే "గుడ్డ అంతే సార్, కాటన్ కదా" అన్నాడు. నాకు గుడ్డ గురించి ఓనమాలు రావు కాబట్టి నిజమే కామోసు అనుకున్నా.

అది నిజం కాదని చెప్పింది రాయదుర్గంలో ఒక అక్క. మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు, రాయదుర్గంలో వీధి వీధినా జీన్స్ కుట్టే మిషన్ల చప్పుడే. బళ్లారి సేట్లు కట్ చేసిన గుడ్డ పంపుతారు, ఇక్కడ ఆడోళ్లు పీసు రేటుకి కుట్టి పంపుతారు, అక్కడ ఎవరిదో పేరు పడతాది. ఆ అక్క పద్దెనిమిదేళ్లుగా జిప్పులు, జేబులు కుడుతోంది. నా టీషర్టు చేతికిస్తే ముందున్న 'ఏమప్పా' వైపు చూడను కూడా చూడలేదు. లోపలిది బయటికి తిప్పింది. భుజం కుట్టు మీద బొటనవేలు పెట్టి మెడ నుంచి చెయ్యి దాకా మెల్లగా తోసింది. "కుట్టు సాగకుండా లోపల పట్టీ వెయ్యలేదే ఈడ. నాలుగు ఉతుకులకి సాగిపోతాది" అనింది. తర్వాత రెండు పక్క కుట్లూ కలిపి పట్టుకుని దులిపితే, కింద అంచు మెలి తిరిగింది. "రోలు విప్పి ఒక రోజన్నా ఊరికే పరచి పెట్టాల నాయనా. అల్లిన గుడ్డ చుట్టలో బిగుసుకొని ఉంటాది. విప్పినంబడే కోస్తే ఇంతే."

ఒకటిన్నర లక్షకి పైగా పోగొట్టుకుని నేను నేర్చుకోని సంగతి ఆ అక్క రెండు నిమిషాల్లో చెప్పింది. రాయదుర్గం మా ఇంటికి రెండున్నర గంటల బస్సు. నేనేమో తిరుపూరుకి వాట్సాప్‌లో ఆర్డరు పెట్టినా.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఆదోని యార్డులో పత్తి, ధర్మవరంలో పట్టు, రాయదుర్గంలో కుట్టు, అన్నీ మన చుట్టూ పెట్టుకుని మనం మాత్రం డిజైన్ యాప్‌లో సింహం తలకాయ వెతుకుతాం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్లని కలిపి సొసైటీ పెట్టినారు. మా అవ్వకి ఆ సొసైటీ లోగో ఎట్లుంటాదో తెలీదు. అంగట్లో దుప్పటి కొస రెండు వేళ్ల మధ్య నలిపి చూసి "ఇది ఎమ్మిగనూరుది కాదులే" అని పక్కన పెట్టేసేది. ధర్మవరం చీర కొనేటోళ్లు కూడా అంతే, ముందు అంచు, పైట తిప్పి చూస్తారు. చూసేవాళ్లకి వేలి కొసల్లో ఉంటాది బ్రాండ్.

"మార్కెటింగ్ లేకుండా ఏదీ పోదు అన్నా" అంటారు, నాకూ తెలుసు. నా మొదటి లాటు పోయింది దానివల్లే. రెండో లాటు తీసుకున్నోళ్లు మళ్లా ఎందుకు రాలేదో మాత్రం ఏ యాడూ చెప్పదు.

పిన్ని కొడుక్కి ఏం చెప్పినానంటే, లోగో ఉండనీ, ముందు ఒక్క మోడల్, ఒక్క రంగు, ముప్పై పీసులు. కొలతల కాగితం నువ్వే రాయి, టేపుతో నువ్వే కొలువు, నువ్వే ఉతికి ఆరేసి మళ్లా కొలువు. కుట్టేవాళ్లకి ఆ రోజు కూలి ఆ రోజే ఇయ్యి. వాడు "సరే అన్నా" అన్నాడు గానీ, వాడి కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి.

నేను ఈసారి జీన్స్ చేస్తున్నా, ఆ అక్కతోనే. నలభై పీసులు, నడుము 32, 34 మాత్రమే. పాత బ్రాండువి మెడ లేబుళ్లు వెయ్యి చేయించినా, అంతకంటే తక్కువ చేయరంటే. అందులో సగం ఇంకా హార్లిక్స్ సీసాలో అట్లనే ఉన్నాయి. పోయిన వారం కొన్ని జేబులో వేసుకుని రాయదుర్గం పోయి, వెనక నడుము పట్టీ దగ్గర ఒకటి కుట్టమని ఇచ్చినా. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మిషన్ సొరుగులో వేసేసింది.

"మూడు ఉతుకులు కానీలే, అప్పుడు చూస్తాం" అనింది.