గొయ్యి ఎవరిది, చెత్త ఎవరిది

మొన్న పొద్దున్నే లుంగీ మీద కోటు తగిలించుకుని బిన్ను ఈడ్చుకెళ్తున్నాను. రాత్రే పెట్టేయమని మా ఆవిడ చెప్పింది, ఆ సంగతి వదిలేద్దాం. రోడ్డు మీది గోతిలో చక్రం దిగబడి బిన్ను బోర్లా పడింది. సగం చెత్త గోతిలో, ఒక సంచి పక్క కాలువలో. లారీ వచ్చింది, చూసింది, పోయింది.

మాది ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ కౌంటీలో హాలెండ్ అనే బల్లపరుపు మూల. 1974 దాకా దీనికి విడిగా కౌంటీ కౌన్సిలే ఉండేది. (మా అమ్మ అమలాపురంలో అందరికీ నేను ట్యూలిప్పుల దేశంలో ఉన్నానని చెప్పుకుంటోంది.) ఇప్పుడు చెత్త జిల్లా కౌన్సిల్‌ది; అలాంటి జిల్లాలు కౌంటీలో ఏడు. రోడ్డూ గొయ్యీ కౌంటీవి. కాలువ డ్రైనేజీ బోర్డుది, వాళ్ళు పంపులతో తోడకపోతే మేం మునుగుతాం. నేను కూలబడ్డ బెంచీ పారిష్ కౌన్సిల్‌ది. పారిష్ అంటే చర్చి అనుకునేరు, 1894 నుంచీ అది మన పంచాయతీ లాంటిది. పన్ను బిల్లు మాత్రం ఒక్కటే, పోలీసుల వాటాతో సహా!

మొదటి ఫోను. "చెత్త ఎక్కడుందండీ?"

"గోతిలో."

"గొయ్యి మాది కాదండీ."

రెండో ఫోను, పాతిక నిమిషాల సంగీతం తర్వాత. "గొయ్యి ఎంత లోతు?"

"చెత్త నిండా ఉంది, తెలీడం లేదు."

"అది తీయించి, కొలిచి చెప్పండి."

చెత్త తీయాల్సినవాళ్ళు గొయ్యి తమది కాదంటారు, గొయ్యి పూడ్చాల్సినవాళ్ళు చెత్త పోయాక రమ్మంటారు. సరే, నేనే కొలుద్దామని వంటింట్లోంచి పులిహోర కలిపే చెక్క తెడ్డు తెచ్చాను. నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఒక చేత్తో గాలికెగిరే లుంగీ, ఇంకో చేత్తో తెడ్డు. మునక్కాడ పిప్పి, టీపొడి, దాని కింద నిన్నటి చారు. అడుగు తగలడం లేదు. సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దాయన కుక్కతో వచ్చి ఆగాడు. గోతిలోకి చూశాడు, తెడ్డు వంక చూశాడు. ఈ దేశంలో ఏదీ అడగరు కదా! "ఈరోజు వాన రాకపోవచ్చు" అని వెళ్ళిపోయాడు. కుక్క మాత్రం ఉండిపోదామని చూసింది.

మూడోది బోర్డుకి. "సంచి ఏ దిక్కుకి పోతోంది?"

లేచి చూశాను. వంతెన దాటుతోంది. అవతలిది పక్క జిల్లా. ఫోను పెట్టేశాను.

మా ఆవిడ తెడ్డు కోసం వెతుకుతోంది.