అల్లరి చేయొద్దు అంటే మరి ఏం చేయాలి?

అమెరికాలో మన తెలుగు సంఘాలు నడిపే వారాంతపు తెలుగు తరగతి సాధారణంగా 2 గంటలు. అందులో పిల్లల్ని కూర్చోబెట్టడానికి, పుస్తకాలు తీయించడానికి, మాటలు ఆపించడానికి ఎంత సమయం పోతుందో ఒకసారి లెక్కవేయండి. ఒక పని నుంచి ఇంకో పనికి మారిన ప్రతిసారీ 5 నిమిషాలు, తరగతికి 6 మార్పులు అనుకుంటే అరగంట. 30 వారాల బడిలో అది 15 గంటలు, అంటే ఏడున్నర తరగతులు. వేసవి సెలవులు దగ్గరపడ్డా గుణింతాలు పూర్తికాలేదని బాధపడే టీచర్లు పోగొట్టుకున్న సమయం చాలావరకు ఇదే.

ఈ పిల్లలకు క్రమశిక్షణ లేదని మన సంఘాల్లో తరచు అనుకుంటాం. అది అన్యాయమైన మాట. 'అ' రాయడం రాని పిల్లవాణ్ణి ఎవరమూ తిట్టం. పక్కన కూర్చుని దిద్దిస్తాం. వంతు వచ్చేదాకా ఆగడం రానివాణ్ణి మాత్రం కసురుతాం. ఆగడం కూడా దిద్దించవలసిన పాఠమే.

అమెరికాలో అదే పిల్లవాడు సోమవారం నుంచి శుక్రవారం దాకా తన బడిలో కుదురుగానే ఉంటాడు. అక్కడ ఎలా ఉండాలో వాళ్ళు నేర్పారు కనుక. ఆరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముందుండి రూపుదిద్దిన, మంచి నడవడిని పాఠంలా నేర్పే పీబీఐఎస్ అనే పద్ధతి అక్కడి చాలా ప్రాథమిక పాఠశాలల్లో నడుస్తోంది. 1997లో సవరించిన ప్రత్యేక విద్యా చట్టంలోనూ ఈ ఆలోచనకు చోటు దక్కింది. బడి మొత్తానికి మూడు నుంచి ఐదు నియమాలు పెట్టుకుంటారు. 'గౌరవంగా ఉండు' అని రాసి ఊరుకోరు. నడవాలో గౌరవం అంటే ఏమిటి, భోజనాల గదిలో ఏమిటి, బస్సులో ఏమిటి అని ఒక పట్టిక వేసి, బడి తెరిచిన మొదటి వారాల్లో ఆయా చోట్లకు తీసుకెళ్ళి సాధన చేయిస్తారు. మన తరగతేమో అద్దె గదిలోనో గ్రంథాలయంలోనో జరుగుతుంది, ఆ పట్టిక అక్కడ ఉండదు. ఒకచోట నేర్చిన నడవడి ఇంకోచోటికి దానంతట అది రాదు.

టీచర్ల వైపు చూస్తే, మనలో చాలామంది బెత్తం, గోడకుర్చీ, గుంజీళ్ళ మధ్య చదువుకున్నవాళ్ళం. 'దండం దశగుణం భవేత్' అని విని పెరిగాం. భారతదేశంలోనే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బెత్తం పోయింది సరే, దాని స్థానంలోకి నేర్పే పద్ధతి రాలేదు. మిగిలింది అరుపు ఒక్కటే.

మొదటి రెండు తరగతుల్లో చెరో 20 నిమిషాలు దీనికి కేటాయించండి. నియమాలు మూడు చాలు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళం వింటాం, వంతు కోసం చేయి ఎత్తి ఆగుతాం, తీసిన వస్తువు తీసినచోటే పెడతాం. మూడూ ఏం చేయకూడదో కాక, ఏం చేయాలో చెప్పేవే. 'పరిగెత్తకు' అన్నప్పుడు పిల్లల చెవిలో పడేది పరుగే. 'గోడ పక్కన నడువు' అంటే కాళ్ళకు పని దొరుకుతుంది.

నిశ్శబ్దానికి పిలిచే సైగనే తీసుకుందాం. టీచరు చప్పట్లతో 'తక ధిమి' అంటే, పిల్లలు 'తక ఝణు' అని బదులిచ్చి, చేతులు దించి, టీచరు వైపు తిరగాలి. ముందు మీరు ఒక సహాయకురాలితో చేసి చూపించండి. 'ఏం గమనించారు?' అని అడిగి వాళ్ళ నోటితోనే చెప్పించండి: పెన్సిల్ కింద పెట్టారు, ఇటు తిరిగారు, నోరు కదల్లేదు. తర్వాత ఇద్దరు పిల్లలు చేసి చూపిస్తారు, ఆ పైన అందరూ. మాటల మధ్యలో, బొమ్మలు వేస్తున్నప్పుడు, నిలబడి ఉన్నప్పుడు, ఇలా నాలుగైదు సందర్భాల్లో చేయించండి. తప్పుగా చేయడం ఎలా ఉంటుందో చూపాలంటే అది టీచరే చూపాలి. ఏ పిల్లవాడికీ తప్పు చేసే పాత్ర ఇవ్వకూడదు. ఇస్తే గది నవ్వుతుంది, ఆ నవ్వు కోసం వాడు వచ్చే వారం కూడా అదే చేస్తాడు.

సైగ పాడైపోయేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణంతో. పదిమంది ఆగి, నలుగురు ఇంకా మాట్లాడుతుండగానే టీచరు పాఠం మొదలుపెడతారు. ఆ నలుగురికీ ఆగక్కర్లేదని తెలిసిపోతుంది, మూడో వారానికి మిగతా పదిమందికీ తెలుస్తుంది. చివరి గొంతు ఆగేదాకా నిలబడి ఉండండి. ఆగకపోతే కోపం చూపకుండా 'మళ్ళీ చేద్దాం' అని ఇంకోసారి చేయించండి.

తెలుగు బడిలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది, నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది అదే. నడవడికి మాట కావాలి. 'మంచినీళ్ళు తాగి రానా అండీ?' అనే వాక్యం నోటికి రాని పిల్ల ఏం చేస్తుంది? చెప్పకుండా లేచి వెళ్తుంది, లేదా ఇంగ్లీషులో అడుగుతుంది. మొదటిది అల్లరి అంటాం, రెండోది తరగతిని మొత్తంగా ఇంగ్లీషులోకి లాక్కెళ్తుంది. 'నాకు అర్థం కాలేదండీ', 'ఇంకోసారి చెప్పండి', 'నా వంతు ఎప్పుడండీ?', 'కాస్త జరుగుతావా?' లాంటి ఆరేడు వాక్యాలు అక్షరాలకన్నా ముందే నోటికి రావాలి. నువ్వు, మీరు సంగతీ అంతే. ఇంగ్లీషులో అందరికీ ఒకే మాట కనుక, ఇంట్లో తనను పిలిచే 'నువ్వు'నే పిల్ల టీచరుకు తిప్పి ఇస్తుంది. అందులో పొగరు లేదు. అమ్మనూ అమ్మమ్మనూ నువ్వు అనడమే చనువైన ఇళ్ళు చాలా ఉన్నాయి, అది తప్పని చెప్పకండి. టీచరుకు, ఇంటికొచ్చిన పెద్దలకు మీరు అని చిన్న నాటికలాగా ఆడించి నేర్పండి. చూపు విషయంలోనూ తొందరపడవద్దు. మాట్లాడేవారి కళ్ళలోకి చూడటమే శ్రద్ధ అని అమెరికా బడిలో నేర్పుతారు. మందలించేటప్పుడు తల దించుకోలేదని దాన్ని ఎదిరింపుగా తీసుకోకూడదు.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారన్నదీ ప్రవర్తనలో భాగమే. టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగరని, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు. రెండో భాషలో మాట వెతుక్కునే పిల్లకు ఇంకొంచెం ఎక్కువే కావాలి. మీరు ఆగకపోతే చురుకైన ఇద్దరు చేయి ఎత్తకుండానే అరుస్తారు, రెండో నియమం అక్కడితో పోతుంది.

స్టిక్కర్లు, చాక్లెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు ఆ తర్వాత తమంతట తాముగా బొమ్మలు వేయడం తగ్గించారని 1973లో స్టాన్‌ఫర్డ్ శిశుపాఠశాలలో చేసిన ప్రయోగం చూపింది. 'నువ్వు గుడ్' కన్నా 'వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగావు' అన్న మాట బాగా పనిచేస్తుంది. ఏం చేశాడో వాడికి తెలుస్తుంది, రేపు మళ్ళీ చేయగలడు.

డిసెంబరు సెలవుల తర్వాత ఇదంతా మళ్ళీ 10 నిమిషాలు చేయించాలి. జనవరిలో సంక్రాంతి కార్యక్రమం రిహార్సళ్ళ హడావిడిలో అందరూ వదిలేసేది ఇదే, ఫిబ్రవరిలో తరగతులు గాడి తప్పేదీ అందుకే.

సంఘం పెద్దలను కోరేది ఒకటుంది. ఏటా జరిగే టీచర్ల శిక్షణలో ఒక గంట దీనికి ఇవ్వండి, ఆ మూడు నియమాలూ ఆరేడు వాక్యాలూ ఒక కాగితం మీద వేయించి నమోదు పత్రంతోపాటు ప్రతి ఇంటికీ పంపండి. తల్లిదండ్రులు తరగతి వెనక కూర్చుని గుసగుసలాడినా, ఫోను చూసినా మొదటి నియమం పిల్లల కళ్ళముందే చెరిగిపోతుంది కాబట్టి, ఆ కాగితం మీద వాళ్ళ సంతకం కూడా ఉండాలి.