మట్టి కార్డులో ప్రాణుల లెక్క ఏది?

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు, చేలగట్ల మీద ఎర్రటి మఖమల్ ముక్కలు నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగులు బయటికొచ్చేవి. అగ్గిపెట్టెలో గడ్డి వేసి వాటిని దాచుకోని పల్లె పిల్లలు అరుదు. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. కాసేపు ఓపిక పడితే ముందు ఒక కాలు, తర్వాత ఇంకోటి బయటపెట్టి మెల్లగా కదులుతుంది. లెక్కపెడితే ఎనిమిది కాళ్లు. పురుగని పిలుస్తున్నాం గానీ అది సాలీడుకు చుట్టం, నల్లి జాతిది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే గడుపుతుంది. పిల్లగా ఉన్నప్పుడు మిడతల్లాంటి వాటిని పట్టుకుని రసం పీల్చి బతుకుతుంది. పెద్దదయ్యాక చెదపురుగుల్ని, ఇతర పురుగుల గుడ్లని తింటుంది. కావ్యాల్లో ఇంద్రగోపమని మురిపెంగా చెప్పుకున్న ఈ ప్రాణి ఇప్పుడు మునుపటిలా కనబడటం లేదని చాలా ఊళ్లలో పెద్దవాళ్లు అంటున్నారు. ఆ మాటను సరిచూడాలంటే ఎవరో ఒకరు మట్టిలోని ప్రాణుల్ని లెక్కపెట్టాలి. మన భూసార పరీక్షలో ఆ పని లేదు.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం కింద రైతుకు ఇచ్చే కాగితంలో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. అన్నీ అవసరమైనవే, కాదనం. కానీ రాలిన ఆకులోంచి, ఎండిన మొదలులోంచి ఆ పోషకాల్ని మళ్లీ వేరు దాకా చేర్చే జీవుల గురించి అందులో ఒక్క గడి కూడా లేదు. ప్రపంచంలోని జీవజాతుల్లో 59 శాతం మట్టిని ఆశ్రయించుకునే బతుకుతున్నాయని 2023లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. భూమ్మీది ప్రాణుల్లో సగానికి పైగా కాపురమున్న చోటును ఎరువుల లెక్కతోనే చూసి ‘ఆరోగ్య కార్డు’ అనడం మాకు సబబుగా తోచడం లేదు.

రైతుకు నల్లి పేరెత్తితేనే టెన్షన్. మిరపలో ఆకుల్ని కిందికి ముడిచే తెల్లనల్లి, వంగను పీల్చే ఎర్రనల్లి, వరిలో తాలు గింజలు మిగిల్చే కంకినల్లి. పైరు మీద వాటిని అదుపు చేయక తప్పదు. మట్టిలోని నల్లుల్లో చాలావాటి కథ వేరు. ఒరిబాటిడ్ నల్లులనే ఒక్క వర్గంలోనే ఇప్పటిదాకా 11 వేలకు పైగా జాతుల్ని గుర్తించారు. చాలావరకు ఆవగింజలో సగం కూడా ఉండవు. ఒంటిమీద పేడపురుగుకున్నట్టు గట్టి పెంకు. ఇవి కుళ్లుతున్న ఆకుని, దానికి పట్టిన బూజుని కొరికి తింటాయి. వాటి విసర్జన మీద బాక్టీరియా, శిలీంధ్రాలు పని చేసి పోషకాల్ని విడుదల చేస్తాయి. పెద్ద ఆకును రోకలిబండ పురుగు ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని నల్లులు నలగ్గొడతాయి, చివరి పని సూక్ష్మజీవులది. తోక దగ్గర మడిచిపెట్టుకున్న కొంకితో నేలను తన్ని ఎగిరే స్ప్రింగ్‌టెయిల్స్ కూడా ఈ పనిలో భాగస్వాములే. వీటినీ నులిపురుగుల్నీ వేటాడే నల్లులు వేరే ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర 40 కోట్ల ఏళ్ల నాటి శిలల్లో నల్లులు, స్ప్రింగ్‌టెయిల్స్ రెండూ దొరికాయి. పువ్వు పూసే మొక్క పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందే ఇవి మట్టిలో పనిలో ఉన్నాయి.

అంతకాలం నిలిచినవాటికి కూడా ఒక బలహీనత ఉంది. పైరును పట్టే ఎర్రనల్లి వారం పది రోజుల్లో తరం మారుస్తుంది, మందు కొట్టినా మళ్లీ పుంజుకుంటుంది. ఒరిబాటిడ్ నల్లి అలా కాదు. పెట్టే గుడ్లు తక్కువ, ఎదుగుదల నెమ్మది. ఒకసారి పోతే తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది. ఇవి ఎక్కువగా ఉండేది పై పది సెంటీమీటర్ల మట్టిలోనే. హార్వెస్టర్ వెళ్లాక కొయ్యకాళ్లకు పెట్టే నిప్పు, పత్తి కట్టెకు పెట్టే మంట ముందుగా తాకేది ఆ పొరనే. మంట నుంచి బతికి బయటపడినా తినడానికి ఆకు మిగలదు. విత్తనానికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులూ వాటి మధ్యకే చేరతాయి. పురుగుమందులు మట్టి జీవుల మీద చూపే ప్రభావంపై సుమారు 400 పరిశోధనల్ని కలిపి 2021లో సమీక్షిస్తే, పరీక్షించిన సందర్భాల్లో దాదాపు 71 శాతంలో హాని తేలింది.

వీటిని లెక్కపెట్టడం మహా ఖరీదైన పనేమో అనుకుంటే పొరపాటు. ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లీజ్ 1905లోనే దారి చూపించాడు. ఒక గరాటు, దాని మీద జల్లెడ, జల్లెడలో గుప్పెడు మట్టి, కింద స్పిరిట్ పోసిన సీసా. పైన మామూలు బల్బు వెలిగించి వదిలేయాలి. మట్టి పైనుంచి ఆరుతున్న కొద్దీ లోపలి జీవులు వెలుగుకీ వేడికీ దూరంగా కిందికి జరుగుతూ, చివరికి గరాటులోంచి సీసాలోకి జారతాయి. నాలుగైదు రోజుల తర్వాత సీసాను బడిలోని మైక్రోస్కోపు కింద పెడితే, ఉట్టి మట్టి అనుకున్న దాంట్లోంచి ఎన్ని కాళ్లో, ఎన్ని మీసాలో! ఏ పిల్లవాడైనా ఒక్కసారి చూస్తే మరచిపోడు. జాతి పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. అదే ఇటలీలో వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో, మట్టిలోపలి బతుకుకు ఒళ్లు ఎంతగా అలవాటు పడిందో చూసి 1 నుంచి 20 దాకా మార్కులు వేస్తారు. కళ్లు లేకుండా, రంగు లేకుండా, కురచ కాళ్లతో ఉన్నదానికి ఎక్కువ మార్కులు, పైపైన తిరిగేదానికి తక్కువ. మార్కులన్నీ కూడితే ఆ చేను పరిస్థితి తెలిసిపోతుంది.

ఇది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు? ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచమంటోంది. తెలంగాణలోనూ జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి దున్నే రైతులున్నారు. ఆ చేలల్లోనూ, కొయ్యకాళ్లు కాల్చిన పక్క చేలల్లోనూ ఒకేసారి గరాటు పెట్టి చూస్తే ఏది నేలకు మేలు చేస్తోందో రైతు తన కళ్లతోనే చూస్తాడు. కృషి విజ్ఞాన కేంద్రాలు మండలానికి పది చేలతో ఈ పని మొదలుపెట్టాలని, రెండు ప్రభుత్వాలు కార్డులో పదమూడో గడిని చేర్చాలని మేము కోరుతున్నాం.

ఒక్క జాగ్రత్త మాత్రం ముందే చెప్పాలి. ఇప్పుడు మట్టి నమూనాలు ఎక్కువగా తీసేది ఎండాకాలంలో, పొలం ఖాళీగా ఉన్నప్పుడు. తెచ్చిన మట్టిని నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి పంపుతారు. రసాయన పరీక్షకు అది సరైన పద్ధతే. ప్రాణుల లెక్కకు మాత్రం పనికిరాదు, ఎండకు అవి లోతుకు దిగిపోతాయి, ఉన్నవి ఆరబెట్టడంలోనే చచ్చిపోతాయి. వాన బాగా పడి నేల తడిసిన జూలై, ఆగస్టు నెలల్లో, పది సెంటీమీటర్ల లోతు దాకా మట్టిని పెళ్లగా తీసి, నలపకుండా, గాలి ఆడే సంచిలో పెట్టి, ఎండ తగలకుండా అదే రోజు గరాటు దగ్గరికి చేర్చాలి.