బెల్లం జబ్బు అని ఎక్కడా లేదు

మా బాబాయికి షుగర్ బోర్డర్‌లో ఉందని ఏడాది కిందట చెప్పారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, దేన్నీ ఊరికే ఒప్పుకోరు. డాక్టరు మాటను ఇంటికి తెచ్చుకుని రాత్రంతా ఆలోచించి ఒక సిద్ధాంతం తేల్చారు. "ఒరేయ్, జబ్బు పేరేంటి? షుగర్. బెల్లం జబ్బు అని ఎవడికైనా వచ్చిందా? తేనె జబ్బు? ఎప్పుడైనా విన్నావా?"

వినలేదు. ఆ పూటే పంచదార డబ్బాకు దేశబహిష్కారం జరిగింది.

ఇది ఆయనొక్కరి సిద్ధాంతం కాదని, బెజవాడలో సగం దీని మీదే నడుస్తోందని నాకు తర్వాత అర్థమైంది. పొద్దున్నే రాఘవయ్య పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి, చెమట తుడుచుకుంటూ బెల్లం టీ బండి దగ్గర చేరతారు. పంచదార రోజుల్లో బాబాయి ఒక్క టీతో సరిపెట్టుకునేవారు, అదీ పిన్నికి తెలియకుండా. బెల్లం ఆరోగ్యం కాబట్టి ఇప్పుడు రెండు, అందరి ఎదుటా. "ఐరన్ ఉంటుందిరా" అంటారు, గ్లాసు అడుగున మిగిలిన తీపిని తిప్పి తిప్పి తాగుతూ. కాస్త ఉంటుంది, కాదనను. ఆ కాస్త ఇనుమూ ఒంటికి సరిగా పట్టనివ్వని గుణం టీకి ఉందని చెబుదామనుకున్నాను గానీ, పెద్దవాళ్లు ఆనందంగా ఉన్నప్పుడు సైన్సు ఎత్తకూడదని ఊరుకున్నాను.

పంచదార మీద నాకు జాలి. ఉయ్యూరు వైపు ఒకే చేలో పెరిగిన చెరకు, ఒక బండి ఫ్యాక్టరీకి పోతే పంచదారైంది, ఇంకో బండి గానుగకు పోతే బెల్లమైంది. ఒక తల్లి పిల్లలు. ఒకడు రౌడీషీటర్, ఇంకొకడు స్వామీజీ. బెల్లంలో కాస్త తేమ, కాసిని ఖనిజాలు, కొద్దిపాటి గ్లూకోజు, ఫ్రక్టోజు తీసేస్తే మిగిలేది పంచదారలో ఉన్న సుక్రోజే. పేగుల్లోకి వెళ్లాక ఆ సుక్రోజు సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజుగా విడిపోతుంది. గ్లూకోజు నెత్తుట్లోకి పోయి ఇన్సులిన్‌ను నిద్రలేపుతుంది. ఫ్రక్టోజు ఎక్కువగా లివరు దారి పడుతుంది, మోతాదు మించితే అక్కడ కొవ్వవుతుంది. లివరు పాపం చదువుకోలేదు. వచ్చిన సరుకు ఆత్రేయపురం బెల్లం పూతరేకు లోంచా, పంచదార పూతరేకు లోంచా అని దానికి తేడా తెలియదు. ఆ తేడా తెలిసింది కొట్టువాడికి, బెల్లంవాటికి నాలుగు డబ్బులు ఎక్కువేస్తాడు.

తేనె శాఖ మా పిన్నిది. పరగడుపున గోరువెచ్చని నీళ్లు, అరచెక్క నిమ్మకాయ, పెద్ద చెంచాడు తేనె. కొవ్వు కరగడానికట. తేనెలో సుమారు 17 శాతం నీళ్లు, మిగతాది దాదాపు అంతా చక్కెరలే, అందులో ఫ్రక్టోజుదే పెద్ద వాటా. ఆ చెంచాడులో 60 కేలరీలు ఉంటాయి. కరిగిపోయే కొవ్వుకు దారిఖర్చుల కింద ఇస్తున్నారు కాబోలు.

ఇక బీసెంట్ రోడ్డుకు వెళ్తే బత్తాయి జ్యూసు. "షుగర్ వెయ్యొద్దు బాబూ" అని పక్కవాళ్లకు కూడా వినపడేలా చెప్పాలి, అది పద్ధతి. కుర్రాడు నాలుగు కాయలు పిండి, పిప్పి బుట్టలో పారేసి, గ్లాసు చేతికిస్తాడు. అవే నాలుగు కాయలు ఒలుచుకుని తినమంటే రెండోదానికే ఇక చాలంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక లెక్క చెప్పింది. రోజు మొత్తం శక్తిలో విడి చక్కెరలు 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మేలు, అంటే 25 గ్రాములు, ఆరు టీస్పూన్లు. ఆ ఆరింటిలో తేనెనూ పండ్ల రసాన్నీ కూడా కలిపేసి, ఒలుచుకు తినే పండును మాత్రం వదిలేసింది. బెజవాడను ఒక్క మాట అడగకుండా తీసుకున్న ఈ నిర్ణయాన్ని బాబాయి టీ బండి దగ్గర తీవ్రంగా ఖండించారు.

పోయిన నెల బాబాయికి మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష చేయించాం. ఏడాది కిందట 6.2, ఇప్పుడు 7.4. ల్యాబు మిషన్ పాతదయ్యుంటుందని దారంతా చెబుతూ వచ్చారు బాబాయి. డాక్టరమ్మ కాగితం చూసి, "పంచదార మానేశారా మాస్టారూ?" అంది.

"ఏడాదైందమ్మా. మీ మీద ఒట్టు."

"మరి టీలోకి ఏం వేస్తున్నారు?"

బాబాయి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.