ఆ మూడు దేశాలకు జనవరిలో వెళ్ళాలి

ఫిన్లాండ్‌లోని మన తెలుగు సంఘం వేసవి యాత్రల జాబితాలో ‘బాల్టిక్ దేశాలు: 4 రోజులు, 3 దేశాలు’ అనే పంక్తి ఏటా కనిపిస్తూనే ఉంటుంది. జూలైలో హెల్సింకి నుంచి ఓడ ఎక్కి, ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఒక పూట, లాట్వియా రాజధాని రీగాలో ఒక రాత్రి, లిథువేనియా రాజధాని విల్నియస్‌లో మరో రాత్రి గడిపి, ప్రతి పాతబస్తీలోనూ అందరూ కలిసి ఒక ఫొటో దిగి తిరిగి రావడం దాని సారాంశం. రెండుసార్లు నేనూ ఆ బస్సులో కూర్చున్నవాణ్ణే కాబట్టి ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయితే 2025 జనవరిలో ఇంటిల్లిపాదీ సొంత కారులో ఆ దేశాలకు వెళ్ళి వచ్చిన తరువాత, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాలను చూడవలసిన కాలం నడి శీతాకాలమేననీ, అందులోనూ సంక్రాంతి వారమేననీ నాకు గట్టిగా అనిపిస్తున్నది. ఈ మాట కార్యవర్గ సమావేశంలో అన్నప్పుడు నవ్వులు వినిపించాయి గనుక నా కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మూడు దేశాలూ కలిపితే వైశాల్యం సుమారు 1.75 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త ఎక్కువ. జనాభా మాత్రం అంతా కలిపి 60 లక్షల పైచిలుకే; ఒక్క హైదరాబాదు నగరంలో ఉన్నంత మంది కూడా ఉండరు. టాలిన్ నుంచి తార్తు, వాల్గా, రీగా, షౌల్యాయ్ మీదుగా విల్నియస్‌కు మేము వెళ్ళిన దారి 800 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళి తిరిగి రావడం కన్నా అది తక్కువే. ఈ కొలతలు చూడగానే ‘మూడింటినీ ఒక్క ఊపులో చుట్టేద్దాం’ అనిపించడం సహజం. 2007 డిసెంబరు 21న ఈ దేశాలు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో చేరినప్పటి నుంచి సరిహద్దులో పాస్‌పోర్టుకు ముద్ర పడటం లేదు కానీ, మనవాళ్ళ లెక్కలో మాత్రం దేశానికొక అంకె చొప్పున పడుతూనే ఉంది. ‘ఇప్పటికి ఇరవై ఏడు అయ్యాయండీ’ అని విందుల్లో చెప్పుకునేటప్పుడు ఆ ఇరవై ఏడులో ఈ మూడూ ఉంటాయి. వాటిలో ఏది ఏదో అడిగితే మాత్రం తడబాటు మొదలవుతుంది.

శీతాకాలం ఈ లెక్కను సాగనివ్వదు. జనవరి మధ్యలో టాలిన్‌లో ఉదయం తొమ్మిదింటికి గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగింటికి ముందే వెళ్ళిపోతాడు. పగటి వెలుగులోనే కారు నడపాలని నియమం పెట్టుకుంటే రోజుకు రెండు వందల కిలోమీటర్లు, మహా అయితే రెండు వందల యాభై సాగుతాయి. దానితో వేసవి బస్సు ఎన్నడూ ఆగని తార్తులోనూ, షౌల్యాయ్‌లోనూ రాత్రి బస చేయక తప్పదు, చీకటి పడ్డాక నాలుగు వీధులు తిరగక తప్పదు, అక్కడివారు ఏం తింటారో అదే తినకా తప్పదు. మంచు రోడ్ల మీద ప్రమాదం కదా అని నాతో వాదించినవారే నవంబరు రాగానే మంచు మీద జారకుండా పట్టుకునే మేకుల టైర్లు వేయించుకుని ఎస్పో నుంచి హెల్సింకికి రోజూ ఉద్యోగానికి వెళ్ళివస్తున్నారు. ఎస్టోనియా, లాట్వియాల్లో డిసెంబరు 1 నుంచి మార్చి 1 వరకు, లిథువేనియాలో నవంబరు 10 నుంచి మార్చి 31 వరకు వేసవి టైర్లతో తిరగకూడదు. మన మేకుల టైర్లు జనవరిలో మూడుచోట్లా చెల్లుతాయి. లిథువేనియా మోటారు మార్గాల్లో వేసవిలో 130 ఉండే వేగ పరిమితి చలికాలంలో 110కి తగ్గుతుంది. పోలెండ్‌లో మేకుల టైర్లు నిషిద్ధం గనుక అటు పొడిగించి లెక్కలో ఇంకో అంకె కలుపుకునే ఆశ కూడా మాకు లేకుండా పోయింది. అందుకు నేను విచారించలేదు.

ప్రమాదం లేదు గానీ ఇబ్బంది లేకపోలేదు. బయలుదేరే ముందు అద్దాలు కడిగే ద్రవంలో కాస్త నీళ్ళు కలిపిన పొదుపరితనం నాదే. టాలిన్ దాటి గంటన్నర వెళ్ళేసరికి, ముందు లారీలు ఎగజిమ్మే ఉప్పు బురద అద్దం మీద బూడిద రంగులో పేరుకుపోతుండగా, ద్రవం గొట్టంలోనే గడ్డకట్టింది. ఒక బస్టాపు పక్కన ఆపి, ఫ్లాస్కులోని వేడినీళ్ళు అద్దం మీద పోయబోతుంటే మా ఆవిడ ‘ఏమండీ, అద్దం పగులుతుంది’ అని చెయ్యి పట్టుకుని ఆపింది. ఐదు నిమిషాల్లో వెనక నుంచి ఒక పెద్దాయన కారు ఆపి దిగి, తన డిక్కీలోంచి నీలి డబ్బా తీసి, ఇంజను వేడికి గొట్టం కరిగేదాకా మాతోనే నిలబడి, సగం డబ్బా మా కారులో ఒంపి, డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మాట్లాడినది ఫిన్నిష్‌లోనే. సోవియట్ కాలంలో ఉత్తర ఎస్టోనియా వాళ్ళు హెల్సింకి టెలివిజన్ చూసి ఫిన్నిష్ నేర్చుకున్నారని అంతవరకు పుస్తకాల్లో చదివాను, ఆ రోడ్డు పక్కన విన్నాను.

ఆ నేర్చుకోవడం వాళ్ళకు సులువు కావడానికి కారణం ఉంది. ఎస్టోనియన్ భాష ఫిన్నిష్‌కు దగ్గరి చుట్టం. లాట్వియన్, లిథువేనియన్ భాషలతో దానికి బంధుత్వం లేదు. ఎస్టోనియన్‌లో పధ్నాలుగు విభక్తులున్నాయి. ‘టాలిన్నస్’ అంటే టాలిన్‌లో, ‘టాలిన్నస్త్’ అంటే టాలిన్ నుంచి. మాట చివర ప్రత్యయం తగిలించే ఈ పద్ధతి తెలుగువాడికి కొత్తేమీ కాదు. ‘బాల్టిక్ దేశాలన్నీ ఒకేలా ఉంటాయి’ అనే మాట మనవాళ్ళ నోట తరచుగా వింటాను. ఉత్తరాది వాళ్ళు మనల్నీ తమిళులనూ కన్నడిగులనూ కలిపి ఒకే మూటగా కడితే ఒళ్ళు మండే మనమే ఆ మాట అనడం నాకు వింతగా ఉంటుంది.

వాల్గా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1920లో ఎస్టోనియా, లాట్వియా రెండూ ఈ ఊరు మాదంటే మాదని పట్టుబట్టినప్పుడు బ్రిటిష్ అధికారి స్టీఫెన్ టాలెంట్స్ మధ్యవర్తిగా వచ్చి ఊరి నడుమ నుంచే గీత గీశారు. ఎస్టోనియా వైపు వాల్గా, లాట్వియా వైపు వాల్కా. సోవియట్ కాలంలో ఆ గీతకు పని లేకుండా పోయింది; 1991 తరువాత మళ్ళీ ప్రాణం పోసుకుంది; 2007 వరకు పక్క వీధిలోని బంధువుల ఇంటికి వెళ్ళాలన్నా కాగితాలు చూపించవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడ మిగిలింది రెండు రంగుల స్తంభాలూ ఒక చిన్న వాగూ మాత్రమే. జూలైలో ఇదొక ఫొటో చోటు. జనవరిలో మేము చూసింది వేరు: ఎస్టోనియా వైపు నుంచి మంచు తోసుకుంటూ వచ్చిన బండి సరిగ్గా స్తంభం దగ్గర ఆగి, చక్కగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అవతల ఇరవై అడుగుల మేర తోయని మంచు, ఆ తరువాత లాట్వియా బండి తోసిన దారి. మనుషులు మరిచిపోయిన సరిహద్దును పురపాలక బండ్లు ఇంకా గుర్తుపెట్టుకున్నట్టుంది.

సముద్రం గడ్డకడితే ఎస్టోనియాలో ప్రధాన భూభాగం నుంచి హియుమా దీవికి మంచు మీదుగానే అధికారికంగా రోడ్డు వేస్తారు. అది సుమారు 25 కిలోమీటర్ల పొడవుంటుంది; దాని మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు. మంచు విరిగితే వెంటనే బయటికి దూకాలి కదా. చలి చాలని ఏళ్ళలో దాన్ని తెరవరు. మాకు ఆ అదృష్టం దక్కలేదు.

ఇక అసలు కారణానికి వస్తాను. ఈ దేశాల ఇటీవలి చరిత్రలో పెద్ద ఘట్టం జనవరిలోనే జరిగింది. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1991 జనవరి 13న అర్ధరాత్రి దాటాక సోవియట్ ట్యాంకులు విల్నియస్ టెలివిజన్ టవరు మీదికి వచ్చాయి. ఆయుధాలు లేని జనం టవరు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆ రాత్రి దాడిలో 14 మంది ప్రాణాలు పోయాయి. వారిలో ట్యాంకు కింద నలిగిన లోరెటా అసనవిచ్యూటే వయసు 23 ఏళ్ళు. పార్లమెంటు భవనం మాత్రం వాళ్ళ చేతికి చిక్కలేదు. చుట్టూ వేల మంది మంటలు వేసుకుని రాత్రంతా కాపలా కాశారు. అదే రోజున రీగాలో పల్లెల నుంచి ట్రాక్టర్లు, దుంగల లారీలు వచ్చి వీధులకు అడ్డం నిలిచాయి; జనవరి 27 దాకా కూడళ్ళలో మంటలు ఆరలేదు. ప్రపంచం చూపు మాత్రం గల్ఫ్ మీద ఉంది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. కువైట్ నుంచి తిరిగొచ్చిన మా మేనమామ రోజంతా రేడియోకు చెవి ఆనించి కూర్చునేవాడు. విల్నియస్ అనే పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఆ ఏడాదీ సంక్రాంతి జనవరి 14నే, భోగి 13నే. అక్కడ టవరు దగ్గర ట్యాంకులు కదులుతున్న వేళకు మన ఊళ్ళలో తెల్లవారుజాము. ఆ వేళకే పిల్లలం పాత తట్టలూ విరిగిన కుర్చీలూ మోసుకొచ్చి భోగిమంట వేస్తున్నాం. 2025లోనూ భోగి సరిగ్గా 13నే వచ్చింది. అందుకే 12వ తేదీ సాయంత్రానికి విల్నియస్ చేరేలా దారి లెక్క వేసుకున్నాను. ఏటా ఆ సాయంత్రం పార్లమెంటు ముందున్న స్వాతంత్ర్య చౌకులో జ్ఞాపకార్థం మంటలు వేస్తారు. నడుము ఎత్తు దుంగల మంట. చుట్టూ ముసలివాళ్ళు, బడిపిల్లలు, కోటుకు ‘నన్ను మరువకు’ అనే నీలి పువ్వు గుర్తు పెట్టుకున్న కుటుంబాలు. ఎవరూ మమ్మల్ని ఎవరని అడగలేదు. పక్కకు జరిగి చోటిచ్చారు. మా అమ్మాయి ఒక పెద్దావిడ దగ్గర మాటలు అడిగి తెలుసుకుంది. నిప్పు ‘ఉగ్నిస్’, పొగ ‘దూమయ్’, చలికాలం ‘జియెమా’. అగ్ని, ధూమం, హిమం. మంట, పొగ, చలి అనే మన సొంత మాటలు వేరే కుటుంబానివే గానీ, సంస్కృతం ద్వారా మన నోటికి అలవాటైన ఆ మూడు మాటల చుట్టాలు ఆ చలిలో ఆ మంట దగ్గర ఎదురుపడటం నాకు చిన్న విషయంగా అనిపించలేదు. మరునాడు ఉదయం ఎనిమిదింటికి, ఇంకా చీకటిగానే ఉండగా, మేము దిగిన ఇంటి యజమానురాలు మా గది కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగించి పెట్టింది. ఎదురింటి కిటికీల్లోనూ అలాగే వెలుగుతున్నాయి. మా అమ్మాయి తలమీద భోగిపళ్ళు పోయడానికి రేగుపళ్ళు లేక ఎండు క్రాన్‌బెర్రీలూ చిల్లర నాణేలూ సరిపెట్టాం.

జూలైలో ఆ చౌకులో ఇవేవీ ఉండవు. ఎండలో సైకిళ్ళూ ఐస్‌క్రీమ్ బళ్ళూ ఉంటాయి.

తిండి గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. రీగా కేంద్ర విపణి జెప్పెలిన్ అనే పొడవాటి గాలి ఓడల పాత షెడ్ల కప్పుల కింద 1930 నుంచి నడుస్తున్నది. చలికాలంలో అక్కడ ఊరబెట్టిన క్యాబేజీ, దోసకాయ, వెల్లుల్లి పీపాల వరస దగ్గర మా ఆవిడ ముప్పావు గంట గడిపింది. లిథువేనియాలో జెప్పెలిన్ ఆకారంలో చేసే బంగాళాదుంప ఉండలకు ‘త్సెపెలినాయ్’ అని అదే పేరు పెట్టారు. మాంసం తినని వాళ్ళకు లోపల విరిగిన పాల ముద్ద పెట్టి చేసేవి దొరుకుతాయి. గోంగూర పచ్చడి నంజుకుంటే అవి ఇంకా బాగుంటాయని నా అభిప్రాయం. లిథువేనియా వాళ్ళను అడగలేదు.

పిల్లల బడి సంగతి నిజమైన అభ్యంతరమే. అయితే ముందుగా టీచరుతో మాట్లాడితే రెండు మూడు రోజుల సెలవు దొరకడం ఫిన్లాండ్‌లో కష్టం కాదని మనందరికీ తెలుసు. మన సంఘం సంక్రాంతి వేడుక ఎలాగూ ఆ తరువాతి శనివారమే గనుక రెండూ అడ్డురావు. మేము తిరిగొచ్చిన వారం ఆ వేడుకకు వెళ్ళాం. హాల్లో నిప్పు వెలిగించడానికి అనుమతి లేదు గనుక ఎప్పటిలాగే ఎర్ర బల్బు మీద రంగు కాగితాలు కట్టి, కింద టేబుల్ ఫ్యాను పెట్టి భోగిమంట చేశారు. మా అమ్మాయి అలవాటుగా చేతులు చాచి, ‘నాన్నా, ఇది చల్లగా కొడుతోంది’ అంది. ఆ కాగితపు మంట కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కాబట్టి కార్యవర్గానికి నా ప్రతిపాదన ఇది. వేసవి బస్సును మానుకోమనడం లేదు. వచ్చే జనవరిలో మేకుల టైర్లున్న ఆరేడు కార్లు 9వ తేదీ ఉదయం ఓడలో టాలిన్ చేరాలి. పగలు మాత్రమే నడపాలి. తార్తు, రీగా, షౌల్యాయ్‌లలో రాత్రి బస చేసి 12 సాయంత్రానికి విల్నియస్ చౌకులో ఉండాలి. అక్టోబరులోగా పేర్లు ఇస్తే బసలు చూస్తాను. అద్దాల ద్రవంలో నీళ్ళు కలపనని నా వంతు హామీ.